పాలిష్ అయ్యాక ఏం పుయ్యాలి: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

విజయనగరం,
సెప్టెంబరు.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కారు ఫోటోలు చూశాను. మూడు రోజులు మెషీను పట్టుకుని బఫింగు, అదే పాలిష్ పని అంతా వాడే చేసుకున్నాడని మీ అమ్మ ఫోనులో మురిసిపోతూ చెప్పింది. నాకూ అంతే సంతోషంగా ఉంది. ముదురు నీలం బండి మీద గీతలు తియ్యమంటే మా షెడ్డులో కుర్రాళ్ళు కూడా మొహం ముడుచుకుంటారు. ఇంక నువ్వు అడిగిన ముక్క: "వ్యాక్సు కొననా, సీలెంటు కొననా మావయ్యా?" వ్యాక్సంటే మైనం పూత, సీలెంటంటే ఫ్యాక్టరీలో చేసిన పూత, రెండూ పాలిష్ పట్టిన రంగుని కాపాడేవే. ఫోనులో చెప్తే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

నీ బండికి సీలెంటే వెయ్యి. వ్యాక్సు సంగతి తరవాత చూద్దాం.

అందరికీ ఇదే చెప్పను. ఎప్పుడూ నీడలో ఉండి, ఆదివారం మాత్రం బయటకు తీసే బండయితే వ్యాక్సే వెయ్యమంటాను. నీది అలాంటి బండి కాదు. రోజూ శ్రీకాకుళం నుంచి గార మీదుగా కళింగపట్నం వైపు బడికి వెళ్తావు. అక్కడ నేరేడు చెట్టు కింద పెడతావు. రాత్రికి ఇంటి ముందు ఆరుబయటే. ఉప్పుగాలీ, పిట్టలూ, మంచూ, వానా అన్నీ దాని నెత్తినే.

అసలు నువ్వు మూడు రోజులు ఏం చేశావో ముందు తెలుసుకో. బండి మీద కనబడే మెరుపంతా క్లియర్ కోటుది, అంటే రంగు మీద ఉన్న పారదర్శకమైన పొరది. కంపెనీ బండికి ఆ పొర 40, 50 మైక్రాన్లు ఉంటుందంతే (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే వెంట్రుక కన్నా పల్చటి పొర. గీత పోవాలంటే దాని లోతు వరకూ చుట్టూ ఉన్న పొరని అరగదియ్యాలి. పాలిష్ అంటే అదే. అరిగింది మళ్ళీ రాదు నానా. ఎండ దెబ్బ రంగుకి తగలకుండా అడ్డుకునే మందు కూడా ఆ పొరలోనే ఉంటుంది. అందుకని నువ్వు కొనే డబ్బాని ఒక్కటే అడగాలి: మళ్ళీ మెషీను పట్టాల్సిన రోజుని ఇది ఎంత దూరం జరుపుతుంది? మెరుపు కోసమయితే ఏ డబ్బా కొనక్కర్లేదు, అది నీ చేత్తో నువ్వే తెచ్చుకున్నావు.

డబ్బా కన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఇది తప్పితే ఎంత ఖరీదైనది పూసినా దండగే.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక నల్ల బండి వచ్చింది, పెళ్ళి కోసం. పాలిష్ పట్టి ట్యూబులైటు కింద చూస్తే అద్దమే. సంబరపడి వెంటనే వ్యాక్సు రుద్ది ఇచ్చేశాను. రెండుసార్లు కడిగేసరికి బానెట్టు మీద సాలెగూడులాంటి గీతలన్నీ తిరిగొచ్చేశాయి. ఆయన బండి తెచ్చి, బానెట్టు మీద వేలు పెట్టి చూపించి, మాట్లాడకుండా నిలబడ్డాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. పాలిష్ ముద్దలో నూనెలుంటాయి. అవి గీతల్లో నిండి వాటిని దాచేస్తాయి. నేను చూసి మురిసింది ఆ నూనె మెరుపుని. పైగా ఆ నూనె మీద పూసిన వ్యాక్సు బండిని అంటుకోలేదు, నూనెతోపాటే కడుక్కుపోయింది. సీలెంటుకి ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. అది క్లియర్ కోటుని నేరుగా పట్టుకోవాలి, మధ్యలో ఏమున్నా ఊడిపోతుంది.

అందుకని పూతకి ముందు ఆ నూనె తీసెయ్యడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకో. కెమికల్స్ అమ్మే కొట్లో దొరుకుతుంది. ఒక వంతుకి నాలుగు వంతులు నీళ్ళు కలిపి స్ప్రే సీసాలో పొయ్యి. రెండు జానల చోటు తీసుకుని చల్లి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఇంకో పొడి గుడ్డతో ఆరబెట్టు. బలం పెట్టి రుద్దకు, కొత్తగా పాలిష్ పట్టిన రంగు మీద గుడ్డ కూడా గీత పెడుతుంది. నూనె పోయిందో లేదో నీ చేతికే తెలుస్తుంది. మొదటిసారి గుడ్డ నెయ్యి మీద జారినట్టు జారుతుంది. రెండోసారికి కాసింత పట్టుకున్నట్టు ఉంటుంది, వేళ్ళ కింద కిర్రుమంటుంది. అప్పుడు సెల్లు లైటు వేసి ఏటవాలుగా చూడు. గీతలు తిరిగి కనబడితే ఆ చోట సన్నటి పాలిష్ ఇంకోసారి పట్టు. గోరు తగులుకునేంత లోతు గీతయితే వదిలెయ్యి. దాన్ని తియ్యబోతే క్లియర్ కోటే ఉండదు.

ఇప్పుడు వ్యాక్సు సంగతి. అదంటే నాకు చులకన లేదు, ఇష్టమే. మంచి వ్యాక్సుల్లో ఉండేది కార్నూబా మైనం. బ్రెజిల్ ఈశాన్యంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు, ఎండకి తన నీరు ఆవిరైపోకుండా ఆకుల మీద తయారు చేసుకునే మైనం అది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి తీస్తారు. 82 నుంచి 86 డిగ్రీల దాకా కరగదు, రాయిలా ఉంటుంది. ముదురు రంగు మీద దాని అందమే వేరు. నీలం ఇంకా లోతుగా, తడిసినట్టు కనబడుతుంది. అయితే అంత గట్టిది చేత్తో పూయడానికి రాదు కాబట్టి డబ్బాలో దాన్ని నూనెలతో, సాల్వెంట్లతో (కరిగించే ద్రవాలతో), మెత్తటి మైనాలతో కలుపుతారు. డబ్బా మీద "నూటికి నూరు పాళ్ళు కార్నూబా" అని ఉంటే, అందులో వాడిన మైనం వరకే ఆ మాట. ముద్దంతా కార్నూబా అని నమ్మి డబ్బులు పొయ్యకు. మన వేసవిలో ముదురు రంగు బానెట్టు 70 డిగ్రీల దగ్గరికి పోతుంది. ఆ వేడికి, పైన ఉప్పుగాలికి, వారం వారం కడుగుకి వ్యాక్సు రెండు నెలలు ఆగితే గొప్ప. నీకున్న తీరికకి రెండు నెలలకోసారి పుయ్యగలవా? పుయ్యలేవు.

సీలెంటంటే ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్, ప్లాస్టిక్ జాతి పదార్థం. పూసి వదిలేస్తే ఆరుతూ గట్టి పొరగా కట్టుకుంటుంది. ఆరు నెలలని డబ్బా మీద ఉంటే మన దగ్గర నాలుగు నెలలని లెక్క వేసుకో, చాలు. మెరుపు గాజులా ఉంటుంది, వ్యాక్సుకున్న ఆ లోతు కాస్త తక్కువే. ఆ లోటు నీకు మనసులో ఉండిపోతే సీలెంటు పూర్తిగా ఆరాక, మర్నాడు, దాని మీద పల్చగా వ్యాక్సు పూసుకో. అది తప్పు లేదు. ముందు వ్యాక్సు పూసి దాని మీద సీలెంటు మాత్రం ఎప్పుడూ వద్దు, మైనం మీద అది నిలవదు. పండగలకీ పెళ్ళిళ్ళకీ మా బండికి నేను చేసేది అదే, అడుగున సీలెంటు, పైన మైనం.

సిరామిక్ కోటింగు, అదే గాజులా గట్టిపడి ఏళ్ళ తరబడి ఉండే పూత, దాని గురించి కూడా అడిగావు. ఇప్పుడే వద్దు. 9హెచ్ అని గొప్పగా రాస్తారు, అది పెన్సిలు గీతకి ఆగే కొలత, రాళ్ళకి ఆగేది కాదు. కింద ఏ లోపముంటే దాన్ని అలాగే బిగించేస్తుంది, తియ్యాలంటే మళ్ళీ మెషీనే. నీకు ఇది మొదటి పాలిష్. రెండేళ్ళు చెయ్యి తిరగనీ.

పూసిన మర్నాడు నీళ్ళు చల్లి తామరాకు మీద బొట్లలా నిలబడ్డాయా అని చూస్తావు. అందరూ చూస్తారు, నేనూ చూస్తాను. కానీ మీ ఇంట్లో బోరు నీళ్ళు, బకెట్టు అడుగున తెల్లగా పేరుకుంటాయని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది. ఆ నీటి బొట్టు ఎండలో బానెట్టు మీదే ఆరిపోతే అందులో సున్నమంతా ఒక్క చుక్క దగ్గర గట్టిపడి గుండ్రటి మరక అవుతుంది. బొట్టు ఎంత అందంగా నిలబడితే మరక అంత మొండిగా ఉంటుంది. అందుకని బండిని పొద్దున్న ఎండ రాకముందే కడుగు. ఒక్క నిమిషం కూడా ఊరికే ఆరనివ్వకుండా పొడి గుడ్డ అద్ది నీళ్ళు తీసెయ్యి. ఆఖరి బకెట్టుకి మునిసిపాలిటీ నీళ్ళు వాడగలిగితే మరీ మంచిది.

పూత రోజు కారుకి వాన తగలకూడదు, ఎండ తగలకూడదు, రేకు చల్లగా ఉండాలి. ఈ నెలలో మబ్బు నమ్మలేం. మీ పెద్దమ్మ వాళ్ళ పోర్టికోలో పెట్టుకో, ఒక రాత్రి అక్కడే ఉంచుతానని ముందే చెప్పు. చాలా సీలెంట్లకి 12 గంటలైనా నీళ్ళు తగలకూడదు. నీ డబ్బా మీద ఎంత రాసుంటే అంత ఆగు. బానెట్టు మొత్తానికి ఒక చెంచాడు చాలు. స్పాంజి మీద వేసుకుని, కనబడీ కనబడనంత పల్చగా పుయ్యి. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఆగదు సరికదా, తుడవడానికి ప్రాణం పోతుంది. కాసేపటికి మబ్బు పట్టినట్టు తెల్లబడుతుంది. వేలితో ఒక గీత గియ్యి. కింద రంగు శుభ్రంగా తేలితే తుడవొచ్చు, జిడ్డుగా అలికినట్టయితే ఇంకా ఆగాలి. నల్లటి ప్లాస్టిక్ బీడింగుల మీద పడనివ్వకు, తెల్ల చారలు అక్కడే ఉండిపోతాయి. వాటికి ముందే టేపు అంటించుకో.

ఎడమ వైపు వెనక తలుపు ఉంది చూడు, ఆగస్టులో రంగు వేయించావు, దానికి మాత్రం ఏదీ పుయ్యకు. ఫ్యాక్టరీలో రంగుని ఓవెన్లో కాలుస్తారు. మన ఊరి షెడ్లలో చాలావాటికి గాలే దిక్కు. అందులో సాల్వెంటు నెమ్మదిగా, వారాల తరబడి బయటికి పోతూ ఉంటుంది. దాని మీద పొర కప్పేస్తే లోపలే ఉండిపోతుంది. ఒకసారి వారం రోజుల రంగు మీద నేను వ్యాక్సు పూసి ఇచ్చాను, బండి ఆయన తొందర పెట్టాడని. నెల తిరక్కుండా ఆ ఫెండరు పొగ పట్టినట్టు మసకబారింది. డబ్బులు తీసుకోకుండా మళ్ళీ రంగు వేశాను. రంగు వేసిన నాటి నుంచి రెండు నెలలు ఆగు. ఈలోపు మంచి నీళ్ళతో కడుగు, చాలు.

నేరేడు చెట్టు వదలలేవు, బడిలో ఇంకో నీడ లేదు కదా. పిట్ట రెట్ట పడితే సీలెంటు నీకు కొన్ని గంటలు గడువిస్తుందంతే. ఎండలో వేడెక్కిన క్లియర్ కోటు కాస్త మెత్తబడి, చల్లారుతూ రెట్ట కింద ముడుచుకుంటుంది, అచ్చు పడిపోతుంది. గోటితో గీకకు. తడి గుడ్డ దాని మీద పరిచి అయిదు నిమిషాలు నాననిచ్చి ఎత్తితే మొత్తం గుడ్డతో వచ్చేస్తుంది. ఒక సీసా నీళ్ళు, రెండు గుడ్డలు ఎప్పుడూ బండిలో ఉంచు. సముద్రం వైపు నుంచి వచ్చాక పొడి గుడ్డతో తుడిచే అలవాటు మీ నాన్నకి ఉంది, బతిమాలి మాన్పించు. ఉప్పూ ఇసకా కలిసి ఉన్న దుమ్ము అది, గరుకు కాగితంతో సమానం. ముందు నీళ్ళు పొయ్యాలి, తరవాతే గుడ్డ.

కడగడానికి బట్టల సబ్బు పొడి వద్దు, బండి షాంపూ వాడు. బయట కడిగిస్తే మెరుపు కోసం డీజిల్ గుడ్డ పెట్టే వాళ్ళుంటారు, దగ్గర నిలబడి వద్దని చెప్పు. మెరిసేది ఒక్క సాయంత్రమే. ఆ జిడ్డుకి దుమ్మంతా పడుతుంది, నీ పూత కూడా కరుగుతుంది.

దసరాకి బండి పూజ ఎలాగూ చేస్తారు. చెయ్యాల్సిందే. పసుపూ కుంకమా బొట్లు నంబరు ప్లేటుకీ అద్దానికీ పెట్టమని మీ అమ్మకి చెప్పు, బానెట్టు మీద వద్దు. కుంకంని పొడి గుడ్డతో తుడిస్తే సన్న గీతలు పడతాయి. పూలదండ తీగతో కట్టినది కాకుండా దారంతో కట్టినది తెమ్మను. బండి కదిలితే ఆ తీగ మొన రంగు మీద గీస్తూ వస్తుంది, ప్రతి ఏడూ దసరా వెళ్ళిన వారం నా షెడ్డుకి ఆ గీతల బళ్ళే ఎక్కువ వస్తాయి. కొబ్బరి నీళ్ళు చిందితే అప్పటికప్పుడే మంచినీళ్ళు పోసెయ్యండి.

దసరా తరవాతి మంగళవారం మా ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమాను జాతర. ఒక రోజు ముందే వచ్చెయ్యండి, మీ అత్త అప్పుడే ఎదురుచూస్తోంది. ఆ రోజు మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా బండి దూరదు, మన షెడ్డులో పెట్టి నడిచి వెళ్దాం. నువ్వు వాడిన సీలెంటు డబ్బాలో మిగిలింది పారెయ్యకుండా తీసుకురా. అప్పటికి ఎడమ తలుపుకి రెండు నెలలు నిండుతాయి. బుధవారం పొద్దున్న, ఎండ ఎక్కకముందు, ఇద్దరం కలిసి పూద్దాం.

మీ మావయ్య