వేగస్‌లో వేగం లేదు

సందేహం: "వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది" అని చదివాను. పేరులోనే వేగం పెట్టుకున్న నాడి వేగాన్ని తగ్గించడం ఏమిటి? అచ్చుతప్పా? గుండె రక్తాన్ని "పంపుతుంది" అనడం సరైనదా, "పంపు చేస్తుంది" అనడమా?

సమాధానం: అచ్చుతప్పు కాదు. మన "వేగం" సంస్కృతం నుంచి వచ్చింది. "వేగస్" లాటిన్ మాట, ఇంగ్లీషు ఉచ్చారణతో మన దాకా వచ్చింది. రెండింటికీ చుట్టరికం లేదు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం తిరుగుతూ ఉండేది, అంటే దిమ్మరి. ఈ నాడి మెదడు అడుగున బయల్దేరి మెడ, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం అన్నీ చుట్టబెడుతుంది కాబట్టి ఆ పేరు. జర్మన్ వాళ్లలాగా "వాగుస్" అని రాసుకుని ఉంటే మీకీ సందేహం వచ్చేది కాదు. కాకపోతే అప్పుడు వాగుడు గుర్తొచ్చేది!

పని చూస్తే ఇది బ్రేకు. గుండె లయ పుట్టేది కుడి కర్ణిక (గుండె కుడివైపు పై గది) గోడలోని చిన్న కణుపులో. నాడుల ప్రమేయం లేకుండా వదిలేస్తే అది నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టిస్తుంది. మనం తీరిగ్గా కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉంటోందంటే వేగస్ తొక్కిపట్టి ఉంచడం వల్లే. లేచి నాలుగు అడుగులు వేయగానే గుండె జోరందుకుంటుంది చూడండి, అక్కడ ముందు జరిగేది బ్రేకు వదలడమే. ఇంకా కావాలంటే సహానుభూత (సింపథెటిక్) నాడులు అందుకుంటాయి. (ఈ పేరూ తిప్పలదే. సానుభూతికీ దీనికీ సంబంధం లేదు, టెన్షన్ పడినప్పుడు గుండెను దడదడలాడించేది ఇదే.) 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకు పోయే వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండెలోంచి తీసిన ద్రవాన్ని ఇంకో కప్ప గుండెకు అందించాడు. అదీ నెమ్మదించింది! నాడి రసాయనంతో మాట్లాడుతుందని అలా తేలింది.

ఇక్కడ మీరు అడగని చిక్కు ఇంకొకటి ఉంది. "నాడి నెమ్మదించింది" అంటే ఏ నాడి? వైద్యుడు మణికట్టు పట్టుకుని చూసే నాడి వేరు, వేగస్ నాడి వేరు. మొదటిది ధమని కొట్టుకోవడం, రెండోది నరం. ఒకే వాక్యంలో రెండూ వస్తే మొదటిదాన్ని నేనైతే పల్స్ అనే రాస్తాను. తెలుగుకు నష్టమేమీ లేదు.

ఇక "పంపుతుంది", "పంపు చేస్తుంది". పంపడం మన సొంత క్రియ. బోరు దగ్గరి పంపు ఇంగ్లీషుది. ధ్వని కలవడం కాకతాళీయం. గుండె రక్తాన్ని ఒంటికి పంపుతుంది అంటే ఎటు పోతోందో చెప్పినట్టు, పంపు చేస్తుంది అంటే ఎలా తోస్తోందో చెప్పినట్టు. రెండూ తప్పు కాదు. ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 5 లీటర్లు అని లెక్క చెప్పేటప్పుడు "పంపు చేస్తుంది" అన్నదే నాకు నప్పినట్టుంటుంది.

ఇందులో నాకు నచ్చిన విడ్డూరం ఒకటుంది. పాత తెలుగులో "పంపు" అంటే ఆజ్ఞ. "పంపు చేయు" అంటే ఆజ్ఞ పాటించు. ఆ అర్థంలోనూ గుండె పంపు చేస్తుంది. సిరల గుండా ఎక్కువ రక్తం వచ్చి గుండె గది నిండితే, దాని కండరం మరింత సాగి, ఆ సాగినకొద్దీ గట్టిగా ముడుచుకుని వచ్చినదంతా బయటికి తోసేస్తుంది. ఇందుకు నాడులు చెప్పనక్కర్లేదు. ఫ్రాంక్–స్టార్లింగ్ నియమం అంటారు దీన్ని. నిమిషానికి ఎంత పోయాలో చాలావరకు తేల్చేది వెనక్కి వచ్చే రక్తమే, గుండె దాని పంపు చేస్తుంది.