సిరొంచ నుంచి ఒక ప్రశ్న: అవతల తాగి ఇవతలికి బండి మీద వస్తే?

ప్రశ్న: సార్, మాది సిరొంచ. మా గడ్చిరోలి జిల్లాలో మద్యనిషేధం ఉంది కాబట్టి ఆదివారాలు దోస్తులం నలుగురం గోదావరి వంతెన దాటి తెలంగాణ వైపు పోయి, తలా ఒక బీరు తాగి బండ్ల మీదనే తిరిగి వస్తుంటాం. మొన్న మాలో ఒకడు వంతెన అవతలే దొరికాడు. మిషన్‌లో ఊదించి లైసెన్స్ తీసుకున్నారు. మాది మహారాష్ట్ర లైసెన్స్ కదా, ఆ హక్కు వాళ్లకు ఉందా? అక్కడికక్కడే ఫైన్ కట్టేస్తే అయిపోదా? ఒక్క బీరుకు కూడా కేసేనా?
- ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: తమ్ముడూ, హక్కు ఉంది. మందు అమ్మనివ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం గానీ, తాగి బండి నడపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం కిందికి వస్తుంది. అది కేంద్ర చట్టం, కాబట్టి గోదావరి ఆ ఒడ్డునైనా ఈ ఒడ్డునైనా 185వ సెక్షన్ ఒకటే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటిందంటే నేరమే. మొదటిసారైతే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. 2019 సెప్టెంబరుకు ముందు మొదటిసారి జరిమానా 2,000 వరకే ఉండేది, చాలామంది ఇంకా ఆ పాత లెక్కలోనే ఉన్నారు.

అక్కడికక్కడే కట్టేసి రావడం ఈ కేసులో కుదరదు, కోర్టుకు పోవాల్సిందే, అదీ దొరికిన చోటు ఏ కోర్టు కిందికి వస్తే ఆ కోర్టుకే. మీ దోస్తు కూలికి పోయేవాడైతే ఆ రోజు కూలి పోయినట్టే. వాయిదాకు పోకుండా ఊరుకుంటే వారెంట్ వస్తుంది, అందుకే ముందు ఆ తేదీ ఎప్పుడో కనుక్కొని పొమ్మనండి. లైసెన్స్ సంగతికొస్తే, పోలీసులు దాన్ని తీసుకొని లైసెన్సింగ్ అధికారికి పంపొచ్చు, మొదటి తప్పుకు మూడు నెలలు బండి నడపకుండా ఆపొచ్చు, రెండోసారికి లైసెన్సే రద్దు చేయొచ్చు. ఊదను అని మొండికేస్తే లాభం లేదు. ఆ మాటే కోర్టులో మీకు ఎదురు తిరుగుతుంది, అరెస్టూ చేయొచ్చు. కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి, ఈ కేసులో అరెస్టు చేస్తే రెండు గంటల లోపు డాక్టరు పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలేయాలి.

ఇక ఒక్క బీరే కదా అన్నారు. మీరు ఖాళీ చేసిన సీసానే ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి, 650 మిల్లీలీటర్లు, స్ట్రాంగ్ అయితే 8 శాతం వరకు ఆల్కహాల్. అంటే లోపలికి పోయింది దాదాపు 40 గ్రాములు. 65 కిలోల మనిషి తొందరగా తాగేస్తే రక్తంలో 90 మిల్లీగ్రాముల దాకా తేలుతుంది, అంటే హద్దుకు మూడింతలు. ఒళ్లు దాన్ని గంటకు సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాములే కరిగిస్తుంది, కాబట్టి మళ్లీ 30 కిందికి రావాలంటే మూడు నాలుగు గంటలైనా పడుతుంది. మీరేమో తాగిన అరగంటకే కిక్ కొడతారు! నిమ్మకాయ పిండుకున్నా, నెత్తిన చల్లటి నీళ్లు పోసుకున్నా రక్తంలో ఉన్నది తగ్గదు. కల్లు కూడా మినహాయింపు కాదు, పొద్దెక్కేకొద్దీ పులిసి ఘాటెక్కుతుందని మీకు నేను చెప్పాలా.

దొరక్కుండా వంతెన దాటారే అనుకోండి, ఇవతల మీ జిల్లాలో 1993 నుంచి నిషేధం ఉంది. సంచిలో సీసా ఉంటే అది 1949 నాటి నిషేధ చట్టం కింద వేరే కేసు, బండీ పోతుంది. ఇంక రాత్రి చీకట్లో నడిచి వచ్చే మనిషిని గుద్ది ప్రాణం తీస్తే, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు పడొచ్చు. చచ్చిపోయిన మనిషి ఇంటివాళ్ల ముఖాలు నేను కోర్టు వరండాలో చూశాను, ఆ ముఖాల ముందు మీ 10,000 లెక్కే కాదు. తాగే పనుంటే బండ్లు ఇంట్లో పెట్టి బస్సుకో ఆటోకో పోండి, లేదంటే నలుగురిలో ఒకరు ఆ రోజుకు అసలు ముట్టొద్దు.

ప్రశ్న: బండి నా పేరు మీద ఉంది. మా మరిది తాగి వచ్చి తాళం అడిగితే, గొడవెందుకని ఇచ్చేస్తాను. వాడు దొరికితే నాకేమైనా అవుతుందా?
- ఒక సోదరి, అహేరి

జవాబు: అవుతుందమ్మా. తాగి ఉన్నాడని తెలిసీ తాళం ఇస్తే మోటారు వాహనాల చట్టం 188వ సెక్షన్ కింద మీ మీద కూడా కేసు పెట్టొచ్చు. తాగి నడిపినవాడికి ఎంత శిక్షో, అలా నడపడానికి సాయపడ్డవాళ్లకూ అంతే శిక్ష. పైగా తాగి నడిపి గుద్దుకుంటే బండి రిపేరుకు ఇన్సూరెన్స్ డబ్బులు రావు, ఆ షరతు పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది. మరిది వాసన వస్తున్నాడంటే తాళం బియ్యం డబ్బాలో దాచి, అన్నం పెట్టి పడుకోమనండి. అరిస్తే అరవనివ్వండి. తెల్లారాక, మత్తు పూర్తిగా దిగాక మీ ఆయన ముందే ఈ జవాబు చదివి వినిపించండి.