సైటు తాళాలు నీ దగ్గరే ఉంచుకో అమ్మడూ

కడియపులంక

చి.ల.సౌ. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. "సైటు పెట్టి ఆరు నెలలైంది మావయ్యా, మన ఏటికొప్పాక బొమ్మల షాపు పేరు కొట్టినా గూగుల్‌లో రావట్లేదు" అన్నావు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. 2009 నుంచి మన మొక్కల నర్సరీ సైటు నేనే చూసుకుంటున్నాను కాబట్టి, దెబ్బలు తిని నేర్చుకున్నవి నీకు చెప్పే బాధ్యత నాకుంది.

ముందు నీ టెన్షన్ తీర్చేస్తాను. రాత్రి భోజనాలయ్యాక మీ సైటు తెరిచి, మౌస్ కుడి బటన్ నొక్కి పేజీ సోర్స్, అంటే పేజీ వెనకుండే కోడ్ చూశాను. పైనే "నోఇండెక్స్" అని ఉంది. అంటే గూగుల్‌ని మనమే గుమ్మం దగ్గర ఆపేశామన్నమాట. మీ సైటు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, అందులో రీడింగ్‌కి వెళ్లు. అడుగున, సెర్చ్ ఇంజన్లు ఈ సైటుని చూపించొద్దు అనే అర్థంతో ఒక గడి ఉంటుంది. సైటు కట్టేటప్పుడు సగం పని బయటపడకూడదని దానికి టిక్ పెడతారు, పనయ్యాక తీయడం మర్చిపోతారు. మీ సైటు కట్టిన కుర్రాడూ మర్చిపోయాడు, అంతే. అతన్నేమీ అనకు. టిక్ తీసేసి సేవ్ చెయ్యి.

ఇక ఆ కుర్రాడి గురించే. "అన్నీ తనే చూసుకుంటాడు" అన్నావు చూడు, ఆ మాట దగ్గర నా గుండె ఝల్లుమంది. మన నర్సరీ సైటు కట్టినాయన కూడా మంచివాడే. డొమైన్, అంటే సైటు చిరునామా పేరు, తన మెయిల్‌తో, తన పేరు మీద కొన్నాడు. 2014లో వేరే ఉద్యోగం వచ్చి దేశం దాటి వెళ్లాడు. గడువు అయిపోతోందని వచ్చిన మెయిళ్లన్నీ అతను చూడని పాత ఇన్‌బాక్స్‌లోకి పోయాయి. గడువు దాటాక కూడా కొన్నాళ్లు మామూలు రేటుకి, ఆ తర్వాత ఇంకొన్నాళ్లు ఎక్కువ డబ్బు కట్టి పేరు విడిపించుకునే వీలుంటుంది. మాకు తెలిసేసరికి రెండూ దాటిపోయాయి. ఎవరో కొనేసుకున్నారు. విజిటింగ్ కార్డుల మీద, వ్యాన్ల మీద, మొక్కల సంచుల మీద అచ్చు వేయించిన పేరు అది. కొట్టి చూస్తే ఏవేవో ప్రకటనలు. మీ అత్తయ్య ఆ రోజు అన్నం తినలేదు. ఐదేళ్ల కష్టం వదులుకుని కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టాం.

అందుకని ఈ ఆదివారమే ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టుకో. డొమైన్ కొన్న ఖాతా నీ మెయిల్‌కి, నీ ఫోన్ నంబర్‌కి మారాలి. యజమాని పేరు దగ్గర నీ పేరుండాలి. ఆటో రెన్యువల్ పెట్టు. అయినా దాన్నే నమ్ముకోకు, కార్డు గడువు తీరితే అదీ ఆగిపోతుంది. వీలైతే మూడేళ్లకో ఐదేళ్లకో ఒకేసారి కట్టెయ్. సైటుని ఉంచే హోస్టింగ్, వర్డ్‌ప్రెస్ అడ్మిన్, గూగుల్ ఖాతా కూడా అలాగే. నాలుగింటికీ వేర్వేరు పాస్‌వర్డ్‌లు, వీలున్న ప్రతిచోటా రెండో మెట్టు ఓటీపీ. కుర్రాడికి పని కోసం వేరే లాగిన్ ఇవ్వు. నమ్మకం లేక కాదమ్మా, రేపు అతనికీ పెళ్లవుతుంది, ఊరు మారుతుంది. "మీ డొమైన్ గడువు అయిపోతోంది, ఈ లింకులో డబ్బు కట్టండి" అని దొంగ మెయిళ్లు కూడా వస్తాయి. వాటిలో లింకు నొక్కకుండా, నువ్వు కొన్న చోటికే నేరుగా వెళ్లి చూసుకో.

తాళాలు చేతికొచ్చాక చేయాల్సిన మొదటి పని గూగుల్ సెర్చ్ కన్సోల్. మన సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపించే పనిముట్టు అది. ఉచితం. సైటు నీదేనని రుజువు చేయడానికి అదొక టీఎక్స్‌టీ రికార్డు, అంటే ఒక చిన్న కోడ్ ముక్క ఇస్తుంది, దాన్ని డొమైన్ ఖాతాలో డీఎన్‌ఎస్ అనే సెట్టింగ్ దగ్గర అతికిస్తే చాలు. తర్వాత సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల జాబితా ఇవ్వు. వర్డ్‌ప్రెస్ 2020 నుంచి దాన్ని తనే తయారు చేస్తోంది, విడిగా ప్లగిన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) అక్కర్లేదు. నోఇండెక్స్ తీసేశాం కాబట్టి మొదటి పేజీ చిరునామాని కన్సోల్‌లో పైన ఉన్న వెతుకు పెట్టెలో వేసి, ఇండెక్స్ చేయమని, అంటే గూగుల్ జాబితాలో చేర్చుకోమని ఒకసారి అడుగు. రోజులు పట్టొచ్చు, కంగారుపడకు.

నేను రోజూ వాడే పనిముట్టు ఒక్కటే చెప్పమంటే దీన్నే చెబుతాను. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట జనం ఏ మాటలు కొడితే మన సైటు కనబడిందో, ఎంతమంది నొక్కారో, వెనక్కి పదహారు నెలల దాకా ఉంటుంది. నాకు జరిగింది చెబుతాను. మేం నూరువరహాలు మొక్కకి మంచి పేజీ పెట్టాం. అంటు ఎలా కడతాం, ఏ నేలకి ఏ రకం, అన్నీ రాశాం. ఎవరూ రారు. ఒకరోజు కన్సోల్ తెరిస్తే కనబడిన మాటల్లో "ఇక్సోరా" చాలాసార్లు ఉంది, నొక్కినవాళ్లు ఒక్కరూ లేరు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లవాళ్లు, బెంగళూరువాళ్లు ఆ పేరుతోనే వెతుకుతున్నారు, మేం పేజీ శీర్షికలో ఆ మాటే పెట్టలేదు. శీర్షికలో రెండు పేర్లూ పెట్టాం. మామిడికీ అంతే. మనం బంగినపల్లి అంటాం, హైదరాబాద్ వైపు బేనీషాన్ అంటారు. మొక్క అదే, అడిగేవాడి నోట్లో మాట వేరు. ఫోన్ చేసినవాళ్లు ఏ మాట వాడారో అప్పటినుంచి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఆ పుస్తకంలోంచే మా పేజీలు పుట్టాయి.

నీకూ అదే చెబుతున్నాను. మీ సైటు పేజీల శీర్షికలు "హోమ్", "ప్రొడక్ట్స్", "ప్రొడక్ట్స్ 2" అని ఉన్నాయి. గూగుల్‌లో నీలం రంగులో కనబడేది ఆ శీర్షికే. ఏటికొప్పాక బొమ్మలు కావాలనుకున్నవాడు "ప్రొడక్ట్స్ 2" అని ఎందుకు కొడతాడు? "ఏటికొప్పాక లక్కపిడతలు, అంకుడు కర్రతో, మొక్కల రంగులతో" అని రాయి. అదే ఇంగ్లీషు అక్షరాల్లో కూడా పేజీలో ఎక్కడో ఒకచోట ఉండనివ్వు, మనవాళ్లలో చాలామంది తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. పేజీ కోడ్‌లో ఉండే కీవర్డ్స్ ట్యాగ్‌లో వంద మాటలు కూరమని ఎవరైనా చెబితే వినకు. ర్యాంకు లెక్కల్లో దాన్ని పట్టించుకోబోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

ఇక పేజీలో ఏం రాయాలి అన్నావు. నిన్ను జనం ఏమడుగుతున్నారు? పిల్లాడు నోట్లో పెట్టుకుంటే రంగు వస్తుందా, తడిస్తే పాడవుతుందా, ఎండలో పెట్టొచ్చా, లండన్‌లో అక్కకి పంపితే విరుగుతుందా. ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ. అంకుడు కర్ర ఎందుకు వాడతారు, చట్రం మీద తిరుగుతున్న బొమ్మకి లక్క కర్ర ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి ఎలా పట్టుకుంటుంది, ఇవన్నీ నీ కళ్ల ముందు మీ మావగారు చేస్తున్న పనులు. ఫోన్ పెట్టి ఒక నిమిషం వీడియో తియ్యి, కింద నీ మాటల్లో నాలుగు పేరాలు రాయి. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని కూడా రాయి. చాట్‌జీపీటీ చేత రాయిస్తానన్నావు. అక్షరదోషాలు దిద్దించుకో, తప్పులేదు. కానీ ఆ చట్రం దగ్గర అది కూర్చోలేదు, నువ్వు కూర్చున్నావు. ఇంకోటి, పిల్లలకి పూర్తిగా సురక్షితం అని పరీక్ష కాగితం చేతిలో లేకుండా రాయొద్దు. తల్లులు ఆ మాట నమ్మి కొంటారు.

మీ ధరలు, వివరాలు అన్నీ బొమ్మల ఫోటోల మీదే అచ్చు వేసి పెట్టారు. అక్షరాలు అక్షరాలుగానే ఉండాలి, ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో. మా మొదటి కేటలాగు డీటీపీలో పాత ఫాంట్‌తో చేయించాం. దాన్నలాగే సైటులో అతికిస్తే పిచ్చిగీతల్లాంటి ఇంగ్లీషు గుర్తులొచ్చాయి, గూగుల్‌కి అందులో ఒక్క తెలుగు ముక్కా అర్థం కాలేదు. రెండు వందల పేజీలు మీ అత్తయ్యా నేనూ మళ్లీ టైపు చేశాం. మీకు అందమైన తెలుగు అక్షరాలు కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా ఉన్నాయి.

ఫోటోల బరువు సంగతి. అత్తయ్య ఫోన్‌లో మీ సైటు తెరిస్తే ఏనుగు బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగుతోంది, తొండం వచ్చేసరికి ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసింది. కెమెరా ఫోటోలు తీసినవి తీసినట్టే ఎక్కించారు. స్క్వూష్ అని గూగుల్‌వాళ్ల ఉచిత పనిముట్టు ఉంది, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. ఫోటో అందులో వేసి, వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గించి, బరువు తక్కువుండే వెబ్‌పీ రకంలో దించుకో. పక్కపక్కన పెట్టి చూపిస్తుంది, తేడా నీకే కనబడుతుంది. తర్వాత సైటు వేగం కొలిచే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చిరునామా వేసి మొబైల్ లెక్క చూడు. పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనబడితే బాగున్నట్టు. వంద మార్కుల కోసం తాపత్రయపడకు.

బ్యాకప్ వారానికోసారి, సైటున్న చోట కాకుండా గూగుల్ డ్రైవ్‌లోకి పోవాలి. దానికి అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే ప్లగిన్ ఉచిత రకం చాలు. వాడని ప్లగిన్లు తీసేయ్. సైటు ఆగిపోతే మెయిల్ వచ్చేలా అప్‌టైమ్‌రోబోట్ పెట్టుకో.

ప్రచారం విషయంలో నీకు ఫోన్లు మొదలవుతాయి. "నెలలో గూగుల్ మొదటి స్థానం గ్యారంటీ" అంటారు. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. 2011లో నేను అలాంటి ఒక కంపెనీకి డబ్బు కట్టాను. ఎక్కడెక్కడి సైట్లలోనో మా లింకులు వందలకొద్దీ పెట్టారు. కొన్నాళ్లు గూగుల్‌లో పైకి లేచాం. 2012 ఏప్రిల్‌లో గూగుల్ అలాంటి లింకుల మీద పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది, ఆ వేసవిలో మాకు ఆర్డర్లు దాదాపు ఆగిపోయాయి. కూలీలకి వారం జీతం అప్పు చేసి ఇచ్చాను. లింకులు కొనకు అమ్మడూ. మీ బొమ్మలు కొన్న స్కూలు, మీ ఊరొచ్చి వీడియో తీసినవాళ్లు, ఎగ్జిబిషన్ పెట్టినవాళ్లు, వీళ్లని నోరు తెరిచి అడుగు, తమ పేజీలో మీ చిరునామా పెట్టమని. అలాంటివి పది వచ్చినా చాలు.

గూగుల్ మ్యాప్‌లో షాపుని చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తప్పకుండా పెట్టు, అరకు వెళ్లే కార్లవాళ్లు మ్యాప్ చూసి దారి మళ్లుతారు. చుట్టాలచేత రివ్యూలు రాయించకు. వాట్సాప్‌లో బొమ్మ ఫోటో ఒక్కటే పంపే బదులు ఆ పేజీ లింకు పంపు, వాళ్లు ఇంకొకరికి పంపినా మీ సైటుకే వస్తారు.

సెర్చ్ కన్సోల్‌లో యూజర్స్ దగ్గర నా మెయిల్ చేర్చు. ఓనర్‌గా కాదు, చూడటానికి మాత్రమే పనికొచ్చే రెస్ట్రిక్టెడ్ అని ఉంటుంది, అది చాలు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ ఒకటి మొదలుపెట్టి పట్టుకురా, ఇద్దరం కూర్చుని మొదటి పది పేజీలు రాద్దాం. అల్లుడుగారిని, మీ అత్తమావల్ని అడిగానని చెప్పు. అత్తయ్య పిల్లాడికి కొబ్బరిలౌజు చేసి ఉంచుతానంటోంది.

మీ మావయ్య