ల్యాబ్‌లోని ఫైర్‌వాల్‌కు ల్యాప్‌టాప్‌ను కలపడం ఎలా?

ప్రశ్న: నెట్‌వర్క్ ల్యాబ్‌ను కంప్యూటర్‌లోనే నడిపే జీఎన్‌ఎస్3 సాఫ్ట్‌వేర్‌లో సిస్కో ఏఎస్‌ఏవీ అనే వర్చువల్ ఫైర్‌వాల్ నడుపుతున్నాను. దాన్ని నా విండోస్ ల్యాప్‌టాప్‌కు కలిపి బ్రౌజర్ నుంచి, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే పద్ధతి) నుంచి సెట్టింగులు మార్చడం నేర్చుకోవాలని ఉంది. ల్యాబ్‌ను బయటి నెట్‌వర్క్ కార్డుకు కలిపే క్లౌడ్ బొమ్మ పెట్టి వైఫై కార్డుకు కలిపితే పింగే పోతలేదు. ఏం చేయాలి?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: ముందు వైఫైని వదిలేయండి. యాక్సెస్ పాయింట్ మీ వైఫై కార్డు మ్యాక్ అడ్రస్‌ (కార్డు గుర్తింపు సంఖ్య)ను ఒక్కదాన్నే గుర్తుపడుతుంది. ఫైర్‌వాల్ వేరే మ్యాక్‌తో ఫ్రేములు పంపుతుంది కాబట్టి సాధారణంగా అవి అక్కడే ఆగిపోతాయి. కమాండ్లు ఎన్నిసార్లు తిరగరాసినా ఫలితం మారదు. దానికి బదులు ల్యాప్‌టాప్‌లోనే లూప్‌బ్యాక్ అడాప్టర్ (సాఫ్ట్‌వేర్‌తో చేసిన నెట్‌వర్క్ కార్డు) పెట్టుకోండి. కరెంటు పోయి ఇంట్లో రూటర్ ఆగినా ల్యాబ్ నడుస్తుంది.

డివైస్ మేనేజర్‌లో పైనున్న కంప్యూటర్ పేరు మీద నొక్కి, యాక్షన్ మెనూలో 'యాడ్ లెగసీ హార్డ్‌వేర్' తీసుకోండి. జాబితా నుంచి మీరే ఎంచుకునే పద్ధతిలో నెట్‌వర్క్ అడాప్టర్స్, మైక్రోసాఫ్ట్, ఆపై 'మైక్రోసాఫ్ట్ కేఎం-టెస్ట్ లూప్‌బ్యాక్ అడాప్టర్'. దీనికి 10.10.10.1, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి. చాలా ఇళ్ల రూటర్లు 192.168.1 వరుసలో ఉంటాయి, ల్యాబ్‌కు ఆ వరుస వాడొద్దు. డీఫాల్ట్ గేట్‌వే గడి ఖాళీగానే ఉంచండి. అక్కడ ఫైర్‌వాల్ అడ్రస్ రాస్తే విండోస్ ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను కూడా ల్యాబ్‌లోకి తోలే ప్రమాదం ఉంది. తర్వాత ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇక జీఎన్‌ఎస్3. క్లౌడ్‌ను లాగి పెట్టేటప్పుడు సర్వర్‌గా మీ కంప్యూటర్‌నే ఎంచుకోవాలి. జీఎన్‌ఎస్3 వీఎం (వర్చువల్ మెషీన్) ఎంచుకుంటే ఆ వీఎం లోపలి కార్డులే కనిపిస్తాయి, మీ లూప్‌బ్యాక్ కనిపించదు. ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. సర్వర్ సరిగ్గా ఎంచుకున్నా కనిపించకపోతే ఎన్‌పీక్యాప్ (నెట్‌వర్క్ కార్డుల ప్యాకెట్లను ప్రోగ్రాములకు అందించే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ అయిందో లేదో చూడండి, 'షో స్పెషల్ ఈథర్‌నెట్ ఇంటర్‌ఫేసెస్' దగ్గర టిక్ పెట్టి చూడండి.

ఏఎస్‌ఏవీలో మొదటి పోర్టు మేనేజ్‌మెంట్ 0/0, రెండోది గిగాబిట్ 0/0. తీగ ఒకదానికి కలిపి కమాండ్లు ఇంకోదానికి ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు. మీరు క్లౌడ్‌లోని లూప్‌బ్యాక్‌ను రెండోదానికే కలపండి, ముందుముందు ట్రాఫిక్‌ను ఫైర్‌వాల్ గుండా అవతలికి పంపాలన్నా అది పనికొస్తుంది. ఆ ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లి వరుసగా 'నేమ్‌ఇఫ్ ఇన్‌సైడ్', 'ఐపీ అడ్రస్ 10.10.10.2 255.255.255.0', 'నో షట్‌డౌన్' ఇవ్వండి. రూటర్ల మీద చేయి తిరిగినవారు నేమ్‌ఇఫ్ మరచిపోతారు. పేరు లేనిదే ఆ ఇంటర్‌ఫేస్ పని చేయదు, ఐపీ ఇచ్చినా అంతే. ఇన్‌సైడ్ అని పేరు పెడితే సెక్యూరిటీ లెవెల్ దానంతటదే 100 అవుతుంది, వేరే పేరు పెడితే 0. నో షట్‌డౌన్ సంగతి సాగర్ ఎడమ కాలువ కింద ఉన్నవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు, తూము ఎత్తనిదే నీళ్లు రావు, మూసి ఉన్న పోర్టును తెరిచేది ఈ కమాండే.

పింగ్ వచ్చాక బ్రౌజర్ కోసం 'హెచ్‌టీటీపీ సర్వర్ ఎనేబుల్', 'హెచ్‌టీటీపీ 10.10.10.0 255.255.255.0 ఇన్‌సైడ్' ఇవ్వండి. ప్రివిలేజ్ 15 (పూర్తి అధికారాలు)తో ఒక యూజర్‌ను చేర్చి, 'ఏఏఏ అథెంటికేషన్ హెచ్‌టీటీపీ కన్సోల్ లోకల్' రాయండి. చివరి 'లోకల్' మాట అంతా ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే (LOCAL) ఉండాలి. ఎస్‌ఎస్‌హెచ్‌కు 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ తయారుచేసి, పైన 'హెచ్‌టీటీపీ 10.10.10.0'తో, 'ఏఏఏ'తో మొదలయ్యే రెండు లైన్లను హెచ్‌టీటీపీ స్థానంలో ఎస్‌ఎస్‌హెచ్ పెట్టి మళ్లీ ఇవ్వాలి. బ్రౌజర్ సర్టిఫికెట్ హెచ్చరిక చూపిస్తుంది. అది ఫైర్‌వాల్ తనకు తానే రాసుకున్న సర్టిఫికెట్, మీ ల్యాబ్‌లో ఒప్పుకోవచ్చు. 'రైట్ మెమరీ' ఇవ్వకుండా ఆపేస్తే ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

ప్రశ్న: ల్యాప్‌టాప్ నుంచి ఫైర్‌వాల్‌కు పింగ్ వెళ్తోంది. ఫైర్‌వాల్ నుంచి ల్యాప్‌టాప్‌కు చేస్తే జవాబు లేదు. తీగలో తప్పుందా?
– నల్లగొండ పాఠకురాలు

జవాబు: తీగ బాగుందమ్మా. ఒక వైపు పింగ్‌కు జవాబు వచ్చిందంటే ప్యాకెట్ వెళ్లింది, తిరిగీ వచ్చింది. ఫైర్‌వాల్‌లో 'షో ఏఆర్‌పీ' ఇస్తే 10.10.10.1 పక్కన మీ మ్యాక్ కనిపిస్తుంది కూడా. అడ్డుకుంటున్నది విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్. లూప్‌బ్యాక్‌ను అది గుర్తు తెలియని నెట్‌వర్క్‌గా, పబ్లిక్ కింద లెక్కగట్టి బయటి నుంచి వచ్చే పింగ్‌ను ఆపుతుంది. ఇన్‌బౌండ్ రూల్స్‌లో 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్, ఎకో రిక్వెస్ట్, ఐసీఎంపీవీ4-ఇన్' పేరుతో ఒకటికంటే ఎక్కువ వరుసలుంటాయి, ప్రొఫైల్ గడిలో పబ్లిక్ అని ఉన్నదాన్ని ఎనేబుల్ చేయండి. మొత్తం డిఫెండర్‌ను ఆపేయమనే సలహాలు వినకండి, ల్యాబ్ మూసేశాక దాన్ని తిరిగి ఆన్ చేయడం గుర్తుండదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ నుంచి ఫైర్‌వాల్ దాటి అవతలున్న 172.16.20.0 నెట్‌వర్క్‌లోని రూటర్‌ను చేరడం ఎలా?
– మహబూబ్‌నగర్ పాఠకుడు

జవాబు: గేట్‌వే ఖాళీగా ఉంచాం కదా, ఆ నెట్‌వర్క్‌కు దారి ల్యాప్‌టాప్‌కు తెలియదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో 'రూట్ యాడ్ 172.16.20.0 మాస్క్ 255.255.255.0 10.10.10.2' ఇవ్వండి. అవతలి రూటర్‌లో 10.10.10.0కి తిరుగు రూటు కూడా ఉండాలి. టెల్‌నెట్ వెళ్లి పింగ్ మాత్రం ఆగితే, గ్లోబల్ పాలసీలోని ఇన్‌స్పెక్షన్ డీఫాల్ట్ క్లాసులో 'ఇన్‌స్పెక్ట్ ఐసీఎంపీ' చేర్చండి, ఏఎస్‌ఏ దాన్ని ముందుగా పెట్టి ఇవ్వదు. లైసెన్స్ లేని ఏఎస్‌ఏవీ వేగం 100 కేబీపీఎస్‌కే పరిమితం, ఫైళ్లు నెమ్మదిగా వస్తే అది మీ తప్పు కాదు.