పాస్‌పోర్టు చూపిస్తే అప్పగింత ఆగిపోతుందా?

ప్రశ్న: నేరం చేసి సరిహద్దు దాటేసిన మనిషి "నేను ఈ దేశం వాణ్నే" అంటే నేరం జరిగిన దేశం ఇక చేసేదేమీ లేదా? పరారీలో ఉండగానే కొత్త పౌరసత్వం తెచ్చుకుంటే? మా లా క్లాసులో గంటసేపు కొట్టుకున్నాం, తేల్లేదు.

జవాబు: గంటలో తేలకపోవడం మీ తప్పు కాదు, కోర్టులకే ఏళ్లు పడుతోంది. విచారణ కోసం అడిగిన దేశానికి సొంత పౌరుణ్ని అప్పగించకూడదని ప్రపంచం మొత్తానికీ వర్తించే రూలేమీ లేదు, అదంతా ఆ దేశం రాజ్యాంగాన్నీ ఎదుటి దేశంతో రాసుకున్న ఒప్పందాన్నీ బట్టి ఉంటుంది. బ్రిటన్ సొంతవాళ్లనైనా పంపుతుంది. జర్మనీ రాజ్యాంగం 16వ అధికరణం పంపొద్దంటుంది, కాకపోతే 2000లో దాన్ని సవరించి యూరోపియన్ యూనియన్ దేశాలకూ అంతర్జాతీయ కోర్టులకూ మినహాయింపు ఇచ్చారు. ఇవ్వనన్న దేశం చేతులు దులుపుకుంటే కుదరదు, చాలా ఒప్పందాల్లో "ఇవ్వకపోతే మీరే విచారించండి" అన్న షరతు ఉంటుంది. దూరంగా ఉన్న సాక్షుల్ని రప్పించి ఆ విచారణ నిజంగా నడిపేవాళ్లు ఎంతమంది అనేది వేరే సంగతి!

ఇక మీ రెండో ప్రశ్న, అసలు మజా ఇక్కడే ఉంది. పౌరసత్వాన్ని ఏ తేదీ నాటికి లెక్కపెట్టాలి? నేరం చేసిన రోజుకని మనకు అనిపిస్తుంది గానీ, 1957 నాటి యూరప్ అప్పగింత ఒప్పందం 6వ అధికరణం ప్రకారం అప్పగింతపై నిర్ణయం తీసుకునే నాటికి ఏ పౌరుడైతే అదే లెక్క. అంటే మధ్యలో పాస్‌పోర్టు మార్చినవాడికి కలిసొచ్చే అవకాశం ఉందన్నమాట. బ్రెజిల్ ఈ దారిని గట్టిగానే మూసింది, పౌరసత్వం తీసుకోకముందు చేసిన మామూలు (రాజకీయం కాని) నేరానికి కొత్త పౌరుణ్ని అప్పగించొచ్చని వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది.

ఒక దేశం ఇచ్చిన పౌరసత్వాన్ని మిగతా దేశాలు ఒప్పుకోవాలా అంటే, లాయర్లు నోట్టెబోమ్ కేసు తీస్తారు. జర్మనీలో పుట్టి దశాబ్దాలు గ్వాటెమాలాలో వ్యాపారం చేసిన ఈయన, 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే యూరప్‌లోని చిన్న దేశం లీచ్టెన్‌స్టైన్ పౌరుడైపోయాడు. గ్వాటెమాలా 1943లో శత్రుదేశమైన జర్మనీ మనిషిగానే పట్టుకుని అమెరికాకు పంపేసింది. ఆయన తరఫున లీచ్టెన్‌స్టైన్ వేసిన కేసును 1955లో అంతర్జాతీయ న్యాయస్థానం 11-3 తేడాతో కొట్టేసింది, ఆ దేశంతో ఆయనకు నిజమైన బంధం లేదని. ఇది అప్పగింత కేసు కాదు, అయినా వాదనలో వాడకుండా ఉండరు.

పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం కేసులో నిందితుడు, కరీబియన్ ద్వీపదేశం ఆంటిగ్వా పౌరసత్వం తీసుకున్న వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీ వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. 2021 మేలో ఆంటిగ్వాలో కనబడకుండా పోయి పక్క ద్వీపదేశం డొమినికాలో తేలాడు, తనను ఎత్తుకొచ్చారని ఆయన అన్నాడు. మామూలుగా ఏ దేశమైనా మా పౌరుణ్ని మాకివ్వండి అంటుంది, ఆంటిగ్వా ప్రధాని మాత్రం మాకొద్దు, నేరుగా ఇండియాకే పంపండి అన్నాడు! వేరే దేశ పౌరసత్వం కోరి తీసుకుంటే భారత పౌరసత్వం పోతుందని 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 చెబుతోంది, చోక్సీ లాయర్లు దాన్నే పట్టుకున్నారు. ఆయన పౌరసత్వాన్ని పద్ధతి ప్రకారం వదులుకోలేదు, కాబట్టి ఇంకా మా పౌరుడేనని ఇండియా వాదన. అది తేలకముందే, జూలైలో డొమినికా కోర్టు వైద్యం కోసం బెయిలిచ్చి ఆంటిగ్వాకు వెళ్లనిచ్చింది. 2025 ఏప్రిల్‌లో బెల్జియంలో అరెస్టయ్యాడు, అక్కడి పౌరుడు కాదు కాబట్టి "మావాణ్ని ఇవ్వం" అనే గొడవ ఆ దేశంతో లేదు.

ప్రశ్న: పేపర్లో ఒకసారి "అప్పగించారు" అని, ఒకసారి "డిపోర్ట్ చేశారు" అని రాస్తారు. రెండూ ఒకటేనా?

జవాబు: కాదు. అప్పగింతకు అవతలి దేశం అడగాలి, ఆధారాలో వారెంటో పంపాలి, మామూలుగా కోర్టు చూడాలి. డిపోర్టేషన్‌లో నేరంతో పనిలేదు, నువ్వు విదేశీయుడివి, ఇక్కడ ఉండే హక్కు లేదు, వెళ్లు అనడమే. ఇది తొందరగా అవుతుంది కాబట్టి పక్కపక్క దేశాల అధికారులకు ఈ దారే ముద్దు. అందుకే నిందితుడి లాయరు ముందుగా పట్టుకునేది నేరాన్ని కాదు, "ఇతను విదేశీయుడని రుజువేది?" అన్న ప్రశ్నని. పోనీ విదేశీయుడే అని తేలినా, పంపాల్సిన దేశం "మావాడు కాదు" అంటే డిటెన్షన్ సెంటర్లో నెలలు గడవాల్సిందే.