బైపీసీ ఫీజుకు ఇంట్లో బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. వయసు 44, ఎలక్ట్రీషియన్‌ని. నెలంతా పని ఉంటే 37 వేలు వస్తాయి. కుట్టుమిషన్ మీద మా ఆవిడ 8 వేలు సంపాదిస్తుంది. ఇంటి ఖర్చు 33 వేలు. టెన్త్ పాసైన మా అమ్మాయి బైపీసీ చదివి డాక్టర్ అవుతానంటోంది. హైదరాబాద్‌లో హాస్టల్, నీట్ కోచింగ్ కలిపి ఏడాదికి 1,80,000 అడిగారు. సీటు కోసం 10 వేలు కట్టేశాను. రెండేళ్ల ఫీజులో 2 లక్షలకు బంగారం కుదువ పెట్టి, మిగతా 1,60,000 తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. బ్యాంకులో 22 వేలున్నాయి. 2 లక్షల చీటీలో నెలకు 5 వేల చొప్పున 16 నెలలు కట్టాను. 3 లక్షల ఎల్ఐసీ పాలసీ ఉంది. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: కాదు. జూన్ వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి. ఊరు మారుతుంది, బంగారం తులాలు మారతాయి, తప్పు మాత్రం అదే.

రెండు రూపాయలంటే చిన్న మాటలా వినిపిస్తుంది గానీ, అది ఏడాదికి నూటికి 24. అప్పంతా తెచ్చాక నెలకు 3,200 వడ్డీకే పోతుంది. చీటీ కట్టాక మీకు మిగిలేది 7 వేలు. అందులోంచే బంగారం వడ్డీ కూడా కట్టాలి. మరి అసలు ఎప్పుడు తీరుస్తారు? మొదటిసారి సీటు రాకపోతే పిల్లలు లాంగ్‌టర్మ్‌కి, అంటే మరో ఏడాది నీట్ కోచింగ్‌కి వెళ్తారు. ఆ మూడో ఏడాది ఫీజు మీ లెక్కలోనే లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ 22 వేలు. మీ ఇంటికి అది ఇరవై రోజుల ఖర్చు. మీ పని నిచ్చెన మీద. కాలు జారి ఆరు వారాలు ఇంట్లో కూర్చుంటే రోజు కూలీ ఆగిపోతుంది, ఆస్పత్రి బిల్లు వస్తుంది, అదే నెలలో రెండో టర్మ్ ఫీజు కట్టమని ఫోన్ వస్తుంది. అప్పుడు చెయ్యి వేయాల్సింది ఆ బంగారం మీదే. దాన్ని ముందే కుదువ పెట్టేస్తే ఇక మూడు రూపాయల వడ్డీవాడే గతి. ఫీజు చెప్పి వచ్చే ఖర్చు, ఆపద చెప్పకుండా వచ్చేది. చెప్పకుండా వచ్చేదానికి దాచినది చెప్పి వచ్చేదానికి ఖర్చుపెట్టకండి.

అందుకే ముందు ఆరు నెలల ఖర్చు, అంటే సుమారు 2 లక్షలు, పక్కన ఉండాలి. మీ చీటీయే దానికి దారి. తొందరపడి ఎక్కువ తగ్గింపుకు పాడుకోకండి. పాట తగ్గాక ఎత్తి, ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. ఫీజు కోసం దాన్ని ముట్టుకోవద్దు. అప్పటిదాకా బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి.

మరి చదువు? ఖమ్మంలోనే డే స్కాలర్‌గా చేర్పించండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీని కూడా తీసిపారేయకండి. నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే, దానికి మూలం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. అవి ఆన్‌లైన్‌లో ఉచితం. హాస్టల్ ఖర్చు లేకుండా ఏడాదికి 60 వేలలోపు కాలేజీ, కోచింగ్ దొరికితే నెలకు 5 వేలు. ఆ 7 వేలలోంచే కట్టగలరు. విద్యా రుణం ఇంటర్‌కు ఆశించకండి, బ్యాంకులు మామూలుగా ఇంటర్ తర్వాతి కోర్సులకే ఇస్తాయి. ఎంబీబీఎస్ సీటు వచ్చినప్పుడు అది పనికొస్తుంది.

3 లక్షల పాలసీతో మీ కుటుంబం ఏడాది కూడా గడవదు. 50 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బు వచ్చే బీమా) తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి దానిపై జీఎస్టీ కూడా లేదు. ప్రీమియం కూడేలోపు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరండి. నిచ్చెన ఎక్కేవాళ్లకు ఈ ప్రమాద బీమా లేకపోతే ఎలా?

ఇక కట్టేసిన ఆ 10 వేలు. తిరిగి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. ఆ 10 వేలు పోతాయని 3,60,000 అప్పు నెత్తిన పెట్టుకోకండి.