బటన్ కంటే ముందు గుడ్డ చూడు

ఒంగోలు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ కారవాన్ పందిరి గుడ్డకున్న టిచ్ బటన్లు సగం పట్టడం లేదని, కొన్ని గుడ్డతో సహా ఊడొస్తున్నాయని, ఎవరినో అడిగితే మొత్తం గుడ్డే మార్చేయమన్నారని చెప్పావు. ఫోటోలన్నీ చూశాను. గుడ్డ మార్చే పని లేదు. నీ ఫోటోల్లో చెడిపోయిన బటన్లు తక్కువ, వాటి చుట్టూ చిరిగిన గుడ్డే ఎక్కువ. టార్పాలిన్లు, జీపు టాపులు, పడవల పరదాలు కుట్టిన చేతులు నావి. నా మాట నమ్ము, ఇది నువ్వూ అల్లుడూ కలిసి చేసుకోగల పనే. ఫోన్లో చెబితే సగం గుర్తుండవని కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఆ బటన్ ఎలా పట్టుకుంటుందో చూడు. గుడ్డ పైన కనిపించేది టోపీ. దాని వెనక గొట్టం లాంటి కాడ ఉంటుంది. ఆ కాడ గుడ్డలోంచి దూరి, లోపలి వైపున్న గిన్నె మధ్యలోంచి బయటికొస్తుంది. సుత్తితో కొట్టినప్పుడు కాడ అంచు విచ్చుకుని గిన్నెను గుడ్డకు బిగిస్తుంది. బండి గోడకు ఉండేది బుడిపె. దాని తల లావు, మెడ సన్నం. గిన్నె లోపల సన్నటి స్ప్రింగు తీగ ఉంటుంది. నొక్కినప్పుడు తీగ విచ్చుకుని, తల దాటాక మెడ దగ్గర మళ్లీ దగ్గరవుతుంది. టప్ మని వినిపించేది అప్పుడే. జర్మనీలో హెరిబర్ట్ బాయర్ అనే ఆయన 1885లో మగవాళ్ల ప్యాంట్ల కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. నొక్కితే పట్టి, లాగితే వదిలే ఆ పద్ధతే నేటికీ నడుస్తోంది.

ఏ బటన్ పట్టకపోయినా వెంటనే సుత్తి తీయొద్దు. ఆ గిన్నెను పక్క బుడిపెకు పెట్టి చూడు. అక్కడ పడితే తప్పు బుడిపెది. అక్కడా పడకపోతే తప్పు గిన్నెది. గిన్నె, బుడిపె రెండూ బాగుండి, ఒకదానికొకటి అందకపోతే తప్పు గుడ్డది. ఈ మూడింటికీ వైద్యం వేరు. తేడా చూడకుండా అన్నీ పీకి కొత్తవి వేసేవాళ్ల వల్లే గుడ్డలు జల్లెడలైపోతాయి.

నీ గుడ్డ పీవీసీ పూత వేసినది. అది చల్లని పొద్దున బిగుసుకుని, మధ్యాహ్నం ఎండకు మెత్తబడి సాగుతుంది. అందుకే పొద్దున అందని బటన్ కాసేపు ఎండ తగిలాక దానంతటదే అందుతుంది. నూలు కాన్వాస్ దారి వేరు, తడిస్తే అది బిగుస్తుంది, ఆరాక వదులవుతుంది. తగిలించేటప్పుడు ఒక మూల నుంచి మొదలుపెట్టొద్దు. మధ్య బటన్ ముందు పెట్టి అటొకటి ఇటొకటి వేసుకుంటూ పో. కొరత ఏమైనా ఉంటే రెండు చివరలూ పంచుకుంటాయి. ఎండలో కూడా అందకపోతే గుడ్డ నిజంగానే కుంచించుకుపోయిందని అర్థం. అప్పుడు గోడ మీద బుడిపె జరపాలని అల్లుడు అంటాడు. వద్దని చెప్పు. బండి గోడకు వేసే ప్రతి కొత్త రంధ్రమూ వాన నీటికి దారి. దానికి బదులు గుడ్డ అంచుకు నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ అతికి కుట్టి, బటన్లు ఆ పట్టీ మీదికి మార్చాలి.

ఇక తీసే పద్ధతి. అమ్మడూ, మీ గుడ్డ చిరగడానికి అసలు కారణం ఇదేనని నాకు గట్టి నమ్మకం. బండి అద్దెకు తీసుకున్నవాళ్లు గుడ్డ కొస పట్టుకుని బర్రున లాగుతారు. అప్పుడు బలమంతా బటన్ మీద కాక, దాని పక్కనున్న గుడ్డ మీద పడుతుంది. బటన్ చలించదు, గుడ్డ చిరుగుతుంది. వేళ్లు టోపీ అంచు కిందికి పోనిచ్చి, బటన్ పక్కనే పట్టుకుని పైకి లేపాలి. గట్టిగా ఉంటే చెంచా కాడ చదునుగా దూర్చి మెల్లగా తిప్పితే వదులుతుంది. తలుపు లోపల ఒక కాగితం మీద ఇది రాసి అంటించు. బండి అప్పగించేటప్పుడు ఒకసారి నువ్వే తీసి చూపించు. చూసినవాళ్లు లాగరు.

ఉప్పు సంగతికి వస్తాను. మీ బండి మైపాడుకీ, కొత్తపట్నానికీ, పాకలకీ తిరుగుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు బటన్ లోపలికి చేరి తేమను పట్టి ఉంచుతుంది. నికెల్ పూత అరిగిన చోట ఇత్తడి బయటపడి పచ్చగా చిలుం పడుతుంది. ఇనుప బటన్ అయితే తుప్పు పట్టి గుడ్డ మీద ఎర్రటి మరక వదులుతుంది, ఆ మరక పోదు. తీరం నుంచి రాగానే అన్ని బటన్లూ విప్పి మంచినీళ్లతో కడగండి. బోరు నీళ్లు మాత్రం వాడొద్దు. తీరం ఊళ్లలో చాలా చోట్ల బోర్లలో వచ్చేది ఉప్పు నీళ్లే, ఉప్పును ఉప్పుతో కడిగినట్టు అవుతుంది. క్యాన్ నీళ్లు ఒక బకెట్ చాలు. పాత టూత్ బ్రష్‌తో గిన్నె లోపల తిప్పి, పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే మూయాలి.

చిలుం పట్టినవాటికి చింతపండు గుజ్జు వాడొచ్చు. ఇత్తడి చెంబుకు తోమినట్టు గట్టిగా తోమితే ఉన్న పూత కూడా పోతుంది. రాసి, కొద్దిసేపు ఉంచి, బ్రష్‌తో తేలిగ్గా రుద్ది, పులుపు మిగలకుండా రెండుసార్లు కడుగు. ఆరాక బుడిపె తల మీద కొవ్వొత్తి రుద్దు, లేదా సిలికాన్ గ్రీజు చిటికెడంత రాయి. కొబ్బరి నూనె పొయ్యొద్దు. అది గుడ్డకు మరక చేస్తుంది, దుమ్మును పట్టేస్తుంది. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి మీదుగా వచ్చే బండికి దుమ్ము తక్కువేమీ కాదు. ఆ రాతిపొడి నూనెలో కలిస్తే స్ప్రింగును అరగదీస్తుంది.

వదులైన గిన్నెకు ఒక చిన్న పని చేసి చూడు. లోపల రెండు తీగలు ఎదురెదురుగా కనిపిస్తే, సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో వాటిని వెంట్రుకవాసి లోపలికి వంచు. పట్టు తిరిగొస్తుంది. తీగ విరిగినా, తుప్పుతో సన్నబడినా ఆశలు పెట్టుకోకుండా మార్చెయ్యి.

చిరిగిన చోట కొత్త బటన్ నేరుగా వేస్తే నెల తిరక్కుండా మళ్లీ ఊడుతుంది. ముందు పాత బటన్ తియ్యాలి. గిన్నె మధ్యలో విచ్చుకున్న కాడ అంచును కటింగ్ ప్లయర్‌తో కొంచెం కొంచెంగా కత్తిరిస్తే రెండూ విడిపోతాయి. గుడ్డను పట్టుకుని లాగొద్దు. తర్వాత చిరుగుకు రెండు వైపులా రెండేసి వేళ్లు ఎక్కువ ఉండేలా అదే గుడ్డ ముక్కో, మందపాటి రెక్సినో కత్తిరించు. మూలలు గుండ్రంగా ఉండాలి, చదరపు మూలే ముందు లేస్తుంది. లోపలి వైపు పెట్టి చుట్టూ రెండు వరసలు కుట్టాలి. దారం పాలిస్టర్‌దే కావాలి. నూలు దారం మన ఎండకూ వానకూ కుళ్లిపోతుంది. సూది 18వ నంబరు. పక్కపక్కన బటన్లు వరసగా చిరిగితే విడివిడి ముక్కలు వద్దు, బ్యాగులకు వేసే నాడా అంచు పొడవునా కుట్టేస్తే అన్నిటికీ బలం వస్తుంది.

కొత్త రంధ్రం ఎక్కడ పడాలో కంటితో అంచనా వేయొద్దు. గుడ్డను దాని చోట బిగువుగా పరిచి, బుడిపె తల మీద తడి కుంకుమ చుక్క పెట్టి, పైనుంచి గుడ్డను నొక్కు. లోపలి వైపు సరిగ్గా ఎక్కడ కావాలో అక్కడ బొట్టు పడుతుంది. రంధ్రం కత్తెరతో చేయకు. గుండ్రటి పంచ్‌తో, కాడ కంటే కాస్త చిన్నగా కొట్టు. కాడ బిగువుగా దూరితేనే గుడ్డ దాన్ని పట్టుకుంటుంది.

కొట్టడం ముందు తుక్కు గుడ్డ మీద నేర్చుకో, కానీ నీ అంచుకు ఎన్ని పొరలున్నాయో అన్నే పొరలు పెట్టి. కాడ పొడవు ఆ మందానికి సరిపోవాలి. పొడవెక్కువైతే కాడ పక్కకు వాలిపోతుంది, అప్పుడు మధ్యలో ఒక రెక్సిన్ బిళ్ల వేస్తే సరి. పొట్టిదైతే గిన్నెను అందుకోదు, పొడుగు కాడ బటన్ కొనాల్సిందే. కింద గట్టి ఆధారం కావాలి. బల్ల మీద కొడితే బల్ల ఊగి దెబ్బ పోతుంది. గ్రానైట్ ముక్క మీద దిమ్మె, అంటే టోపీ పట్టేంత గుంట ఉన్న ఇనుప ముక్క పెట్టి, టోపీని అందులో కూర్చోబెట్టి, సుత్తి నిటారుగా, ఒక్క పెద్ద దెబ్బ కాకుండా నాలుగైదు మధ్యస్థపు దెబ్బలు వెయ్యి. అంచు చుట్టూ సమంగా మడిచినట్టు కనిపించాలి. చీలికలు వస్తే ఎక్కువ కొట్టావని, వేళ్లతో తిప్పితే బటన్ తిరిగితే తక్కువ కొట్టావని లెక్క.

గోడ బుడిపెలు వదులైన చోట స్క్రూ విప్పి చూడండి. మీది అల్యూమినియం రేకు గోడ. స్టీలు స్క్రూ, అల్యూమినియం, మధ్యలో ఉప్పు తేమ కలిస్తే అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడి రాలుతుంది. పొడి తుడిచి, స్క్రూ మరలకూ బుడిపె అడుక్కూ సీలెంట్ పూసి బిగిస్తే లోహానికి లోహం నేరుగా తగలదు, నీరూ లోపలికి పోదు. రంధ్రం పెద్దదైపోతే ఒక సైజు లావు స్క్రూ వెయ్యండి. అదీ నిలవకపోతే పాప్ రివెట్‌తో బిగించే బుడిపె దొరుకుతుంది. అగ్గిపుల్లలు దూర్చే పద్ధతి చెక్కకే గాని రేకుకు పనికిరాదు. డ్రిల్లు పట్టుకోవాల్సి వస్తే, గోడ లోపల వైరు ఎటు పోయిందో తెలుసుకోకుండా పట్టుకోవద్దు. బిట్ మీద ఎంత లోతు కావాలో అక్కడ టేపు చుట్టి, టేపు రేకును తాకగానే ఆపాలి.

కొనేటప్పుడు నెల్లూరు ఆటోనగర్‌లో సీటు కవర్ల సామాన్లు అమ్మే షాపుల్లో అడుగు. ఒక పాత బటన్ వెంట తీసుకెళ్లు. పందిరి గుడ్డలకు ఎక్కువగా వాడేది 24 లైన్ సైజు. లైన్ అంటే అంగుళంలో 40వ వంతు, అంటే టోపీ సుమారు 15 మిల్లీమీటర్లు. సైజు ఒకటే అయినా వేరే కంపెనీ గిన్నె మీ బుడిపె మీద సరిగా కూర్చోకపోవచ్చు. షాపులోనే నొక్కి చూడు. చిన్న అయస్కాంతం పెట్టుకో. గట్టిగా అతుక్కుంటే అది పూత పూసిన ఇనుము, తీరానికి పనికిరాదు. ఇత్తడైనా కొను, అంతకంటే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు దొరికితే డబ్బు చూడకు. అందులో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పుకు తట్టుకుంటుంది.

ఒకటి మాత్రం అల్లుడికి గట్టిగా చెప్పు. పందిరి బరువు మోయాల్సింది కర్రలూ తాళ్లూ. బటన్ల పని అంచును పట్టి ఉంచడమే, జానెడుకొకటి చొప్పున ఉంటే అది బాగా చేస్తాయి. గాలి పెరిగితే పందిరి దించేయాలి. అతిథులు కూర్చున్నారని మొహమాటపడితే అన్ని బటన్లూ ఒకేసారి పోతాయి. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుఫాన్లు కూడా అప్పుడే. కాబట్టి సెప్టెంబరు లోపల ఈ పని ముగించండి. తడి గుడ్డ మడిచి పెట్టొద్దు, మడతలో చిక్కుకున్న బటన్ ఎండలో ఉన్నదానికంటే ముందు కుళ్లుతుంది.

పక్క పరదా, కిటికీ పరదాలు మీరే చేసుకోండి. వెనక తలుపు మీది పెద్ద పరదా మాత్రం ఇక్కడికి పంపు. దాని అంచు నాలుగు పొరలు, ఇంటి మిషన్ మీద సూది విరుగుతుంది. నేను నాడా వేసి కుట్టి పెడతాను, బటన్లు మీరు వచ్చినప్పుడు బండి దగ్గరే కొలత చూసి కొట్టుకుందాం. వచ్చేటప్పుడు తీసేసిన పాత బటన్లు కూడా తీసుకురా, వాటిలో పనికొచ్చేవి ఏరి ఇస్తాను.

ఇట్లు
మీ పెద్దమ్మ